అరకు చలిలో డీజిల్ కారు స్టార్ట్ అవ్వట్లేదు: బ్యాటరీనా, గ్లో ప్లగ్గులా?

అందరికీ నమస్కారం. మాది విశాఖ, మధురవాడ. కారు 2014 మోడల్ డీజిల్. ఊళ్లో ఏ ఇబ్బందీ లేదు, తాళం తిప్పగానే అందుకుంటుంది. మా ఆవిడ అరకులో టీచరు, శనాదివారాలు నేను అక్కడికి వెళ్తుంటాను. డిసెంబరు వచ్చిందగ్గర్నుంచి, రాత్రంతా బయట పెడితే తెల్లారి మొరాయిస్తోంది.

సెల్ఫ్ కొడితే ఇంజను చురుగ్గానే తిరుగుతుంది గానీ అందుకోదు. సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ, ఘాటుగా డీజిల్ వాసన. ఎండ పొడ తగిలాక మామూలుగా స్టార్టవుతుంది. గ్లో ప్లగ్గులు (చలిలో ఇంజను అందుకోవడానికి సిలిండర్ లోపల వేడి పుట్టించేవి) వేడెక్కుతున్నాయని చూపే స్ప్రింగు బొమ్మ లైటు డ్యాష్‌బోర్డు మీద ఇదివరకు కాసేపు వెలిగేది, ఇప్పుడు వెలిగీ వెలగగానే ఆరిపోతోంది.

మెకానిక్ బ్యాటరీ మార్చమంటున్నాడు. మల్టీమీటరు పెడితే 12.5 వోల్టులు, సెల్ఫ్ కొట్టేటప్పుడు కూడా 10కి పైనే. సముద్రపు గాలికి టెర్మినల్స్ మీద పేరుకున్న పచ్చటి పొడి గీకేశాను. బ్యాటరీ నీరసపడితే ఇంజను ఈడ్చుకుంటూ తిరగాలి కదా? పొగ వస్తోందంటే డీజిల్ లోపలికి చేరుతోంది, కాలట్లేదు. అందుకే నా అనుమానమంతా గ్లో ప్లగ్గుల మీదే. ఒకాయన ఇంజను గాలి పీల్చే దారిలో ఈథర్ స్ప్రే (ఇట్టే అంటుకునేది) కొట్టమన్నారు. గ్లో ప్లగ్గులున్న ఇంజనుకి అది ప్రమాదం, నేను ఒప్పుకోలేదు.

ప్లగ్గులు విప్పకుండా, వైరు మాత్రం తీసి రెసిస్టెన్స్ చూస్తే సరిపోతుందా, ముందు వాటికి కరెంటు పంపే రిలే చూడాలా? లైటు తొందరగా ఆరడానికి ఇంజను వేడి కొలిచే కూలెంట్ సెన్సారు కారణమా? పాత ప్లగ్గులు విప్పుతుంటే ఇంజను హెడ్‌లోనే విరిగిపోతాయట, అదే భయం. గాజువాక ఆటోనగర్‌లో ఈ పని నిదానంగా చేసేవాళ్లు తెలిస్తే చెప్పండి. సోమవారం పొద్దున్నే ఘాట్ దిగి డ్యూటీకి రావాలి.