మొదటి బ్లాక్‌చెయిన్ వెబ్ యాప్‌కు లైబ్రరీ వాడాలా, వాలెట్‌తో నేరుగా మాట్లాడించాలా?

తొలిమెట్టు:
ఎథీరియం నెట్‌వర్క్‌కు అనుసంధానమయ్యే ఒక చిన్న వెబ్ యాప్ తయారు చేయదలచుకున్నాను. పేజీలో ఒక బటన్ నొక్కితే వాలెట్ (ఖాతా కీలను దాచి ఉంచే బ్రౌజర్ ఉపకరణం) తెరుచుకోవాలి, ఖాతా చిరునామా, అందులోని నిల్వ కనిపించాలి. సెపోలియా అనే టెస్ట్‌నెట్‌లో (పరీక్షల కోసం ఉన్న నెట్‌వర్క్‌లో) ఒక కౌంటర్ కాంట్రాక్ట్ (బ్లాక్‌చెయిన్ మీద నడిచే ప్రోగ్రామ్) ఉంది; దానిలోని అంకెను చదివి చూపాలి, మరో బటన్‌తో ఆ అంకెను ఒకటి పెంచాలి. అంతకు మించి ఏమీ లేదు. జావాస్క్రిప్ట్ బాగానే వచ్చు, బ్లాక్‌చెయిన్ మాత్రం కొత్త. దొరికిన పాఠాలన్నీ ముందుగా ఎథర్స్ గానీ వియెమ్ గానీ ఏదో ఒక జావాస్క్రిప్ట్ లైబ్రరీని ఇన్‌స్టాల్ చేయమని చెబుతున్నాయి. అది నిజంగా అవసరమా, లేక వాలెట్ బ్రౌజర్‌లో అందుబాటులో ఉంచే ప్రొవైడర్ అనే ఆబ్జెక్ట్‌ను నేరుగా వాడుకుంటే సరిపోతుందా? అనుభవజ్ఞులు కారణాలతో సహా చెప్పగలరు.

లంగరు:
మీరు చెప్పిన పనిలో మొదటి సగానికి లైబ్రరీ తెచ్చుకోవడం కొండను తవ్వి ఎలుకను పట్టడమే. మెటామాస్క్ వంటి వాలెట్లు ఈఐపీ-1193 అనే ప్రమాణాన్ని పాటిస్తాయి. దాని సారాంశం ఒకే ఒక్క ఫంక్షన్: 'రిక్వెస్ట్'. ఏ పని కావాలో దాని పేరు, అవసరమైన వివరాలు ఇస్తే వాలెట్ జవాబు తెచ్చి ఇస్తుంది. ఖాతాల అనుమతి అడగడానికి ఒక పిలుపు, ఏ నెట్‌వర్క్‌లో ఉన్నామో తెలుసుకోవడానికి మరొకటి, నిల్వకు ఇంకొకటి. సెపోలియా గుర్తింపు సంఖ్య 11155111. వాలెట్ దాన్ని హెక్సాడెసిమల్‌లో ఇస్తుంది కాబట్టి మార్చుకుని పోల్చాలి. వాడుకరి అనుమతి నిరాకరిస్తే 4001 అనే ఎర్రర్ కోడ్ వస్తుంది, అడిగిన నెట్‌వర్క్ వాలెట్‌కు తెలియకపోతే 4902 వస్తుంది. ఖాతా మారినప్పుడు, నెట్‌వర్క్ మారినప్పుడు వాలెట్ పంపే రెండు ఈవెంట్లను కూడా వింటే అనుసంధానం పూర్తయినట్టే.

లైబ్రరీల ఆయుష్షు సంగతి కూడా ఆలోచించండి. ఒకప్పుడు ప్రతి పాఠంలోనూ కనిపించిన వెబ్3 జేఎస్ నిర్వహణ 2025 మార్చిలో ఆగిపోయింది. ఎథర్స్ అయిదో వెర్షన్ నుంచి ఆరో వెర్షన్‌కు మారినప్పుడు ప్రొవైడర్ క్లాసుల పేర్లే మారిపోయాయి, పెద్ద సంఖ్యలకు వాడే పద్ధతీ మారింది. వాటి అడుగున ఉన్న 'రిక్వెస్ట్' మాత్రం చెక్కుచెదరలేదు. లైబ్రరీతోనే మొదలుపెట్టినవారికి ఏదైనా ఆగిపోయినప్పుడు తప్పు తమ కోడ్‌లో ఉందా, వాలెట్‌లో ఉందా, నోడ్‌లో (నెట్‌వర్క్‌లో భాగమైన కంప్యూటర్‌లో) ఉందా అన్నది తేల్చుకోవడం కష్టమవుతుంది.

చుక్కాని:
లంగరు గారూ, మీరు సులువైన సగాన్ని వివరించి, కష్టమైన సగాన్ని వదిలేశారు. కాంట్రాక్ట్‌ను పిలవడం దగ్గరకు వచ్చేసరికి పరిస్థితి పూర్తిగా వేరు. ఒక టోకెన్ కాంట్రాక్ట్‌లో ఫలానా చిరునామాకు ఎంత నిల్వ ఉందో అడగాలనుకుందాం. ఫంక్షన్ పేరును, దాని పారామితుల రకాలను కలిపి కెచాక్-256 పద్ధతిలో హ్యాష్ (డేటా నుంచి లెక్కించే స్థిర పొడవు గల విలువ) తీయాలి, అందులో మొదటి 4 బైట్లు తీసుకోవాలి, 20 బైట్ల చిరునామాకు ముందు 12 సున్నా బైట్లు చేర్చి 32 బైట్లు చేయాలి, రెండింటినీ కలిపి 36 బైట్ల సందేశంగా పంపాలి. ఆ కెచాక్-256 బ్రౌజర్‌లో సిద్ధంగా ఉండదు. ఎస్‌హెచ్‌ఏ3-256 అదే కదా అని ఎక్కడి నుంచో తెచ్చి పెడితే, ప్యాడింగ్‌లో ఉన్న చిన్న తేడా వల్ల పూర్తిగా వేరే హ్యాష్ వస్తుంది. కాంట్రాక్ట్ ఆ పిలుపును గుర్తించదు. పైగా ఇదంతా స్థిర పరిమాణం గల విలువల మాట. స్ట్రింగ్‌నో అర్రేనో పంపాలంటే విలువ ఎక్కడ మొదలవుతుందో చెప్పే ఆఫ్‌సెట్‌ను, పొడవును కూడా చేత్తో లెక్కవేయాలి.

నిల్వ చూపించడం కూడా మీరన్నంత తేలిక కాదు. విలువ వెయ్‌లలో, అంటే ఎథీరియం కరెన్సీ అయిన ఎథర్‌లోని అతిచిన్న ప్రమాణంలో, వస్తుంది; 1 ఎథర్ అంటే 10 పక్కన 17 సున్నాలు పెట్టినన్ని వెయ్‌లు. జావాస్క్రిప్ట్‌లోని మామూలు సంఖ్య 9007199254740991 దాటితే కచ్చితత్వం కోల్పోతుంది, అంటే 0.009 ఎథర్ దాటగానే చివరి అంకెలను నమ్మలేము. తెరమీద చూపించేవరకు దీనివల్ల నష్టం ఉండదు. అదే విలువతో 'మొత్తం పంపు' అనే బటన్ రాసిన రోజున అసలుకే ఎసరు వస్తుంది. బిగ్‌ఇంట్ (పెద్ద పూర్ణసంఖ్యల కోసం జావాస్క్రిప్ట్‌లో ఉన్న రకం) వాడాలని తెలిసినవారికి ఇది చిన్న విషయమే, కానీ అడిగినవారు తాము కొత్త అని ముందే చెప్పారు. ఇటువంటి చోట్ల కొత్తవారు జారిపడకుండా చూడటమే లైబ్రరీ చేసే పని.

లంగరు:
ఎన్‌కోడింగ్‌ను, అంటే పిలుపును బైట్లుగా మార్చే ఆ పనిని, చేత్తో రాయమని నేను అనలేదు. మీరు చూపించిన ఇబ్బందులన్నీ ఎన్‌కోడింగ్‌కు ఒక సహాయక ఉపకరణం కావాలని నిరూపిస్తున్నాయి. వాలెట్ అనుసంధానాన్ని కూడా దానికే అప్పగించాలని నిరూపించడం లేదు. ఈ రెండూ వేర్వేరు పనులు. ఒకే బ్రౌజర్‌లో రెండు మూడు వాలెట్లున్నవారి విషయమే తీసుకోండి. అవన్నీ ఒకే గ్లోబల్ వేరియబుల్ కోసం పోటీపడుతుంటాయి. చివరికి ఏది తెరుచుకుంటుందో వాడుకరి చేతిలో ఉండదు. దీన్ని సరిచేయడానికి 2023లో వచ్చిన ఈఐపీ-6963లో పేజీ ఒక ఈవెంట్‌తో 'ఎవరెవరున్నారు' అని అడుగుతుంది, ప్రతి వాలెట్ తన పేరు, గుర్తు, ప్రొవైడర్‌లతో బదులిస్తుంది. ఇరవై ముప్ఫై వరుసల్లో రాయగలిగిన ఈ పనికి తయారుగా దొరికే 'కనెక్ట్' బటన్ ప్యాకేజీలు తమ వెంట పదుల కొద్దీ ఇతర ప్యాకేజీలను లాక్కొస్తాయి.

ఇసుకగడియారం:
ఆ చివరి వాక్యం దగ్గర ఆగి ఒక మాట చెప్పాలి. 2023 డిసెంబర్ 14న హార్డ్‌వేర్ వాలెట్లు తయారుచేసే లెడ్జర్ సంస్థవారి కనెక్ట్ కిట్ అనే అనుసంధాన ప్యాకేజీలోకి హానికరమైన కోడ్ చేరింది. ఆ సంస్థ మాజీ ఉద్యోగి ఒకరి ఎన్‌పీఎం (జావాస్క్రిప్ట్ ప్యాకేజీల భాండారం) ఖాతాను ఫిషింగ్ ద్వారా చేజిక్కించుకున్నవారు కొత్త వెర్షన్లను విడుదల చేశారు. ఆ కిట్‌ను వాడుతున్న అనేక యాప్‌లు తమ సొంత కోడ్‌లో ఒక్క అక్షరం మారకుండానే వాడుకరుల వాలెట్లను ఖాళీ చేసే పేజీలుగా మారాయి. మరుసటి ఏడాది డిసెంబర్‌లో సొలానా అనే మరో బ్లాక్‌చెయిన్‌కు చెందిన లైబ్రరీ, సొలానా వెబ్3 జేఎస్ 1.95.6, 1.95.7 వెర్షన్లలో ప్రైవేట్ కీలను దొంగిలించే కోడ్ బయటపడింది. అందువల్ల అనుసంధాన ప్యాకేజీల విషయంలో లంగరు గారి జాగ్రత్త అతిశయం కాదు.

అయితే దీనికి విరుగుడు లైబ్రరీలను మానేయడమే అంటే ఒప్పుకోను. వెర్షన్ సంఖ్యను కచ్చితంగా నిర్ణయించి, లాక్ ఫైల్‌ను (ఏ ప్యాకేజీకి ఏ వెర్షనో నమోదు చేసే ఫైల్‌ను) రిపాజిటరీలో ఉంచి, కొత్త వెర్షన్ వచ్చిన గంటలోనే దానికి మారకుండా ఉంటే ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. లెడ్జర్ ఉదంతంలో దెబ్బ అంత విస్తృతం కావడానికి ఒక కారణం, ఆ కిట్‌లోని లోడర్ తాజా కోడ్‌ను నడుస్తున్న పేజీలోకే తెచ్చుకునేలా ఉండటం. ఎక్కడి నుంచో అతికించుకున్న ఎన్‌కోడింగ్ కోడ్‌కు మాత్రం లాక్ ఫైలూ ఉండదు, దాన్ని పరీక్షించేవారూ ఉండరు.

చుక్కాని:
ఇంకా ఎవరూ ప్రస్తావించని చోటు ఒకటుంది. అంకెను పెంచే బటన్ నొక్కితే వాలెట్ తిరిగి ఇచ్చేది ట్రాన్సాక్షన్ హ్యాష్ మాత్రమే. అది చేతికి రాగానే 'విజయవంతం' అని చూపించే పేజీలు లెక్కలేనన్ని ఉన్నాయి. అప్పటికి ట్రాన్సాక్షన్ ఏ బ్లాక్‌లోకీ చేరి ఉండదు. రసీదు కోసం మళ్లీ మళ్లీ అడగాలి, వచ్చేవరకు శూన్య విలువే అందుతుంది. ఎథీరియంలో బ్లాక్ వ్యవధి 12 సెకన్లు కాబట్టి కనీసం ఆ మాత్రం నిరీక్షణకు పేజీ సిద్ధంగా ఉండాలి. రసీదు వచ్చాక కూడా అందులోని స్థితి 1 ఉందా, 0 ఉందా చూడాలి. 0 ఉంటే బ్లాక్‌లో చేరినా పని జరగనట్టే, గ్యాస్ రుసుము (ట్రాన్సాక్షన్ నడపడానికి చెల్లించేది) మాత్రం పోయినట్టే.

అసలు చిక్కు దీని తరువాత ఉంది. ఆలస్యమవుతోందని వాడుకరి వాలెట్‌లోనే 'వేగవంతం చేయి' నొక్కితే, అదే నాన్స్‌తో (ఖాతా ట్రాన్సాక్షన్ల వరుస సంఖ్యతో), ఎక్కువ రుసుముతో మరో ట్రాన్సాక్షన్ వెళుతుంది. రెండోది బ్లాక్‌లో చేరితే మొదటి హ్యాష్‌కు రసీదు ఎన్నటికీ రాదు. అంకె పెరిగిపోయినా మీ పేజీ ఎదురుచూస్తూనే ఉంటుంది. వియెమ్‌లో రసీదు కోసం వేచి ఉండే ఫంక్షన్ ఇలాంటి మార్పిడిని గుర్తించి కొత్త ట్రాన్సాక్షన్ రసీదును ఇస్తుంది. దీన్ని చేత్తో రాయవచ్చు, కానీ ఇది జరుగుతుందని ముందుగా తెలిసి ఉండాలి కదా.

లంగరు:
మార్పిడి విషయంలో మీ వాదన బలంగా ఉంది, ఒప్పుకుంటున్నాను. కాంట్రాక్ట్‌లోని అంకెను మార్చే పనికి లైబ్రరీ వాడండి. అనుసంధానం, నెట్‌వర్క్ తనిఖీ మాత్రం నేరుగా రాయాలన్న నా మాటలో మార్పు లేదు.

తొలిమెట్టు:
అందరికీ ధన్యవాదాలు. ఖాతా అనుమతి, నెట్‌వర్క్ తనిఖీ, ఈవెంట్లు నేరుగా రాస్తాను. కాంట్రాక్ట్‌తో జరిగే వ్యవహారమంతా ఒకే వెర్షన్‌కు కట్టుబడిన వియెమ్‌తో చేస్తాను. ఒక సందేహం మిగిలింది. వాలెట్ లేని సందర్శకులకు కూడా ఆ అంకె కనిపించాలంటే ఏం చేయాలి?

ఇసుకగడియారం:
అప్పుడు చదవడానికి వాలెట్‌ను ఆశ్రయించకుండా విడిగా ఒక ఆర్‌పీసీ చిరునామా (నోడ్‌కు ప్రశ్నలు పంపే వెబ్ చిరునామా) కావాలి. సేవాసంస్థ ఇచ్చే కీని బ్రౌజర్ కోడ్‌లో పెడితే అది అందరికీ కనిపిస్తుందని గుర్తుంచుకోండి. వీట్ అనే బిల్డ్ పరికరంలో 'వీట్_' అనే ముందుమాటతో మొదలయ్యే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్స్ రహస్యంగా ఉంటాయని చాలామంది అనుకుంటారు. నిజానికి అవి తయారైన ఫైల్‌లోకి యథాతథంగా చేరిపోతాయి. కీ మీ డొమైన్‌కు మాత్రమే పనిచేసేలా పరిమితం చేయండి, లేదా మీకు సర్వర్ అలవాటే అయితే పిలుపులను దాని ద్వారా పంపండి. ఒక్క సంస్థ చిరునామా మీదే ఆధారపడకండి: 2020 నవంబర్ 11న ఇన్‌ఫ్యూరా అనే సంస్థ ఆర్‌పీసీ సేవ ఆగినప్పుడు నెట్‌వర్క్ నడుస్తూనే ఉన్నా, దాని మీద ఆధారపడిన యాప్‌లు చాలా నిలిచిపోయాయి. వియెమ్‌లో రెండు మూడు చిరునామాలను వరుసగా ప్రయత్నించే ఏర్పాటు ఉంది, దాన్ని మొదటి రోజునే పెట్టుకోండి.

చుక్కాని:
సర్వర్ ద్వారా పంపేటట్లయితే ఏ పిలుపులను అనుమతించాలో జాబితా పెట్టుకోండి. వచ్చిన ప్రతిదాన్నీ ముందుకు పంపే సర్వర్ ఉందని తెలిస్తే మీ కోటాను ఇతరులే ఖర్చు చేసేస్తారు. మీ కౌంటర్‌కు చదివే పిలుపు ఒక్కటి చాలు.