అప్‌డేట్: స్టోర్స్ ఇన్‌చార్జ్ బాధ్యత తీసుకున్నాను

కర్నూలులో ఫార్మసిస్టుగా ఉన్న నేను ఆసుపత్రి స్టోర్స్ బాధ్యత తీసుకోవాలా వద్దా అని మార్చిలో అడిగాను కదా, తీసుకున్నాను.

మొదటి వారమే టెన్షన్. రాత్రి కరెంటు పోయి ఇన్సులిన్ ఫ్రిజ్ 11 డిగ్రీలకు చేరింది. ఉండాల్సింది 2 నుంచి 8 మధ్య. ఎంతసేపు అలా ఉందో ఎవరూ రాయలేదు. ఆ ఇన్సులిన్ వాడొచ్చో లేదో కంపెనీ నుంచి జవాబు వచ్చేదాకా ఒక్క వయల్ (చిన్న మందు సీసా) కూడా వార్డుకు పంపలేదు. ఇప్పుడు రోజుకు రెండుసార్లు రీడింగ్ రాస్తున్నాం.

గడువు ముందు ముగిసే మందు ముందే ఇవ్వాలంటే సీనియర్ అన్న ఒకాయన ఒప్పుకోలేదు, ముందొచ్చిందే ముందివ్వడం ఆయన అలవాటు. ఇద్దరం కూర్చుని అరలన్నీ తేదీలవారీగా చూశాం. ఇప్పుడు కొత్తవాళ్లకు ఆయనే నేర్పిస్తున్నారు. మార్చిలో నేను అడిగినప్పుడు "ముందు కిందివాళ్ల మాట విను" అన్నవారికి నిజంగా థాంక్స్. జీతం సంగతి ఇంకా తేలలేదు.