అప్‌డేట్: రివర్బ్ పెడితే గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుండే సమస్య తీరింది

పోయిన నెల అడిగింది నేనే. మల్కాజిగిరిలో మా భజన బృందం కోసం సెకండ్‌హ్యాండ్‌లో కొన్న డ్యుయల్ రివర్బ్ ప్రాసెసర్‌ని (పెద్ద హాల్లో పాడినట్టు ప్రతిధ్వని కలిపే మెషీన్, లోపల రెండు రివర్బ్ ఇంజిన్లు ఉంటాయి) మిక్సర్ ఆక్స్‌కి (గొంతును విడిగా బయటి మెషీన్‌కి కూడా పంపే దారి) కలిపితే, గొంతు పల్చబడి బోలుగా వినిపించేది, స్పీకర్లలో కూత కూడా వచ్చేది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

"మిక్స్ నాబ్ ఎంతలో ఉంది?" అని ఒకరు అడిగారు చూడండి, అదే అసలు సంగతి. మెషీన్‌లోంచి అసలు గొంతు ఎంత, రివర్బ్ ఎంత రావాలో తేల్చేది ఆ నాబే. నాది 50 శాతంలో ఉంది. ఆక్స్‌లో వాడేటప్పుడు 100 శాతం వెట్, అంటే ఒట్టి రివర్బే ఉండాలట. లేకపోతే అసలు గొంతు కూడా మెషీన్‌లోంచి కాస్త ఆలస్యంగా తిరిగొచ్చి, మిక్సర్‌లో నేరుగా వెళ్లే గొంతుతో కలుస్తుంది. ఒక్క మిల్లీసెకన్ తేడా వచ్చినా రెండూ ఒకదాన్నొకటి కొట్టేసుకుని 500 హెర్ట్జ్ దగ్గర గొంతుకు గండి పడుతుంది. నాబ్ చివరిదాకా తిప్పగానే మా బాబాయి, "ఇప్పుడు మనిషి పాడుతున్నట్టుంది రా" అన్నారు.

ఇంకో తప్పు కూడా నాదే. రెండు ఇంజిన్లూ ఒకదాని వెనక ఒకటి నడిచే మోడ్‌లో ఉన్నాయి. అంటే హాల్ రివర్బ్‌కి మళ్లీ రివర్బ్! ఇప్పుడు విడగొట్టి, ఎడమ ఇన్‌పుట్‌కి గొంతు, కుడి ఇన్‌పుట్‌కి తబలా ఇచ్చాను. గొంతుకి ప్లేట్ రకం రివర్బ్, డికే (రివర్బ్ తగ్గిపోయే సమయం) 1.4 సెకన్లు, ప్రీ-డిలే (రివర్బ్ మొదలయ్యే ముందు గ్యాప్) 20 మిల్లీసెకన్లు. తబలాకి చిన్న రూమ్ రివర్బ్ చాలు.

తప్పు కేబుళ్లదో ఎర్తింగ్‌దో అనుకుని కోఠిలో కొత్త కేబుళ్లకు పెట్టిన డబ్బు మాత్రం దండగ. ఎర్తింగ్‌కీ దీనికీ సంబంధమే లేదు. కూత వచ్చేది మాత్రం వేరే కారణంతో: రివర్బ్ తిరిగొచ్చే ఛానల్‌లో అదే ఆక్స్ నాబ్ తెరిచి ఉంది, దాంతో రివర్బ్ మళ్లీ మెషీన్‌లోకే వెళ్లి తిరుగుతూ ఉంది. సున్నాకి తిప్పితే ఆగిపోయింది.