బిడ్డకు పెట్టిన పేరును ప్రభుత్వం కాదనవచ్చా?

మానేరు తీరం:
పుట్టిన పిల్లలకు ఇప్పుడు పెడుతున్న పేర్లు విని "అడిగేవాడే లేడా" అని విసుక్కునేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. నిజంగానే అడిగేవాళ్లున్న దేశం ఒకటుంది కాబట్టి దాన్ని ముందు పెట్టుకుని చర్చిద్దాం. ఐస్లాండ్‌లో ఆమోదిత పేర్ల జాబితాలో లేని పేరు పెట్టదలచుకున్నవారు ముగ్గురు సభ్యుల నామకరణ సంఘానికి దరఖాస్తు చేసుకోవాలి. 1991లో ఏర్పడిన ఆ సంఘం ప్రస్తుతం 1996 నాటి వ్యక్తినామాల చట్టం ప్రకారం పనిచేస్తోంది. పేరు ఐస్లాండిక్ షష్ఠీ విభక్తి ప్రత్యయాన్ని (మన "యొక్క" లాంటిది) స్వీకరించగలగాలి, లేదా అక్కడి వాడుకలో స్థిరపడి ఉండాలి; ఆ భాష కట్టుబాటుకు విరుద్ధంగా ఉండకూడదు; పెట్టుకున్నవారిని ఇబ్బంది పెట్టేదిగా ఉండకూడదు.

విభక్తి నియమాన్ని ఎగతాళి చేసేవారు దాని వెనకున్న కారణాన్ని చూడరు. అక్కడ ఎక్కువమందికి ఇంటిపేరు ఉండదు. తండ్రి పేరునో తల్లి పేరునో షష్ఠిలోకి మార్చి, దానికి కొడుకైతే "సోన్", కూతురైతే "దోత్తిర్" చేరుస్తారు. యోన్ కొడుకు యోన్‌సోన్ అవుతాడు. అన్నా అనే ఆవిడ కూతురు తల్లి పేరు పెట్టుకుంటే, "అన్నా" కాస్తా "ఓన్ను"గా మారి ఓన్నుదోత్తిర్ అవుతుంది. విభక్తికి లొంగని పేరు పెడితే చిక్కు ఆ బిడ్డతో ఆగదు, ఆ బిడ్డ సంతానానికి రెండో పేరు ఎలా కట్టాలన్న ప్రశ్న వస్తుంది. నాలుగు లక్షలమంది కూడా లేని జాతి తన భాషను కాపాడుకోవడానికి పేర్ల దగ్గర కాపలా పెట్టుకుంటే అందులో తప్పేమిటో నాకు కనిపించదు.

నుడికారం:
మానేరు తీరం గారు నియమాన్ని వివరించారు గాని, అది ఒక పిల్లను ఏం చేసిందో చెప్పలేదు. అక్కడి ఒక తల్లి తన కూతురికి బ్లైర్ అని పేరు పెట్టుకుంది. పిల్లగాలి అని అర్థం. చర్చిలో ఆ పేరుతోనే బాప్తిస్మం కూడా జరిగింది. ఆ మాట వ్యాకరణంలో పుంలింగం కాబట్టి ఆడపిల్లకు చెల్లదని సంఘం తేల్చింది. ఇంట్లో, బడిలో బ్లైర్‌గా పెరిగిన ఆ పిల్ల ప్రభుత్వ కాగితాల్లో మాత్రం పదిహేనేళ్లు వచ్చేదాకా "స్టూల్కా", అంటే ఉత్త "అమ్మాయి". 2013 జనవరి 31న రేక్యవిక్ న్యాయస్థానం ఆమె పక్షాన తీర్పు చెప్పాకే సొంత పేరు చేతికొచ్చింది. 2014లో హారియెట్ అనే మరో బాలికకు, ఆ పేరు విభక్తులకు లొంగదన్న కారణంతో, పాస్‌పోర్టు పునరుద్ధరించలేదు. ఏ పేరు ఏ లింగానిదన్న నియమాన్ని 2019లో ఎత్తేశారు. దానివల్ల ఐస్లాండిక్ భాష కొంపేమీ మునగలేదు.

భాషారక్షణ అనే మాట విన్నప్పుడల్లా ఎవరి భాషను ఎవరి నుంచి రక్షిస్తున్నారని అడగడం నాకు అలవాటు. ఫ్రాన్స్‌లో 1803 నాటి చట్టం ప్రకారం పేర్లను పంచాంగాల్లోని సాధుసంతుల నుంచో, ప్రాచీన చరిత్ర పురుషుల నుంచో తీసుకోవాలి. బ్రెటన్ భాష మాట్లాడే ఒక కుటుంబం పిల్లలకు తమ భాషలో పేర్లు పెడితే అధికారులు నమోదు చేయనన్నారు. ఆ పిల్లలు చట్టం దృష్టిలో లేనివాళ్లయ్యారు, కుటుంబ భత్యాలు అందలేదు. ఆ చట్టం 1993లో పోయింది గాని బుద్ధి పోలేదు. 2017లో కాంపేర్ పట్టణంలో పుట్టిన ఒక బాబుకు పెట్టిన బ్రెటన్ పేరు "ఫాంచ్". దాన్ని రాసేటప్పుడు "ఎన్" అక్షరం మీద పెట్టే చిన్న వంకర గీత ఫ్రెంచి లిపిలోది కాదని కింది కోర్టు కొట్టివేసింది, 2018లో రెన్ అప్పీలు కోర్టు మాత్రం ఆ గీతతోనే పేరును ఒప్పుకుంది. ఇక టర్కీలో కుర్దు పేర్లకు అవసరమైన క్యూ, ఎక్స్, డబ్ల్యూ అక్షరాలు టర్కిష్ వర్ణమాలలో లేవన్న వాదన యూరప్ మానవ హక్కుల న్యాయస్థానం దాకా వెళితే, 2010లో ఆ న్యాయస్థానం కూడా ప్రభుత్వాన్ని తప్పు పట్టలేదు. చిన్న భాషకు కాపలా అని మొదలైనది పెద్ద భాష చేతిలో పడితే ఇలాగే ఉంటుంది.

తూర్పుగాలి:
ఇద్దరూ వ్యాకరణం చుట్టూ తిరుగుతున్నారు. నాకు అంతకన్నా అనుమానంగా ఉన్నది "పెట్టుకున్నవారిని ఇబ్బంది పెట్టే పేరు" అన్న నియమం, ఎందుకంటే అది అర్థాన్ని తూచే అధికారం. మాది శ్రీకాకుళం వైపు. మా తాతల తరంలో వీధికొక తవిటయ్యో తవిటినాయుడో తవిటమ్మో ఉండేవారు. వరసగా బిడ్డలు దక్కని ఇంట్లో మళ్లీ కాన్పయితే, పసిగుడ్డును చేటలో పడుకోబెట్టి ఇరుగింటావిడ చేతికిచ్చి, తవుడుకు అమ్మి తిరిగి కొనుక్కున్నట్టు తంతు జరిపేవారు. పెంట మీద పడుకోబెట్టి తెచ్చుకుంటే పెంటయ్య, పెంటమ్మ. పరాయి ఇళ్ల పాతగుడ్డలు అడుక్కొచ్చి తొడిగితే బిచ్చయ్య, బిచ్చమ్మ. పనికిరాని వస్తువు అనుకుని మృత్యువు ముఖం తిప్పుకుంటుందని నమ్మకం. మంగోలియాలోనూ ఇదే పని చేశారు: నెర్గుయ్ అంటే పేరు లేదు, ఎనెబిష్ అంటే ఇది కాదు, ఖున్‌బిష్ అంటే మనిషి కాదు. టర్కీలో దుర్సున్ అని మగపిల్లలకు పెట్టేవారు, "నిలవాలి" అని. ఎక్కడి మంగోలియా, ఎక్కడి సిక్కోలు!

ఇప్పుడు ఆ నియమాన్ని చేతపట్టుకున్న గుమాస్తా ముందు పెంటయ్య తండ్రిని నిలబెట్టండి. నిఘంటువు తెరిస్తే ఆ మాటకు కనిపించే అర్థం ఒకటే, గుమాస్తా కొట్టేస్తాడు. ఆ తండ్రి మనసులో ఉన్న "బతకరా నాయనా" అన్నది ఏ నిఘంటువులోనూ ఉండదు కదా.

పరదేశి పంతులు:
తూర్పుగాలి గారి మాట వినడానికి బాగుంది. కాని బడిలో హాజరు పిలిచినప్పుడు తల దించుకున్నది ఆ తండ్రి కాదు, పెంటయ్య. గెజిట్‌లో ప్రకటన ఇచ్చి పేరు మార్చుకున్నవారిలో ఇలాంటివారు ఎంతమంది లేరు? తల్లిదండ్రుల ఉద్దేశం ఎంత గొప్పదైనా పేరును మోసేది బిడ్డ.

న్యూజిలాండ్‌లో 2008లో తొమ్మిదేళ్ల బాలిక విషయం న్యాయస్థానానికి వచ్చింది. ఫలానా అమ్మాయి హవాయి నుంచి హులా నాట్యం ఆడుతోంది అనే అర్థమిచ్చే పూర్తి వాక్యమే ఆమె పేరు. స్నేహితులకు అసలు పేరు చెప్పుకోలేక "కె" అని మాత్రమే పిలవమనేది. న్యాయమూర్తి ఆమెను కోర్టు సంరక్షణలోకి తీసుకుని పేరు మార్పించారు. జపాన్‌లో 1993లో ఒక తండ్రి కొడుక్కి "అకుమా", అంటే దయ్యం, అని పెట్టబోతే పురపాలక కార్యాలయం అడ్డుపడింది, గొడవ కోర్టుకెక్కింది, చివరకు తల్లిదండ్రులు వేరే పేరుతో సరిపెట్టుకున్నారు. ఆ దేశంలో పేర్లకు వాడదగిన చీనా లిపి అక్షరాలు 2,999 మాత్రమే. వాటిని ఎలాగైనా చదువుకునే స్వేచ్ఛ ఉండేది గాని, 2025 మే నుంచి ఆ చదివే తీరు కూడా సామాన్యంగా ఒప్పుకోదగినదై ఉండాలి.

మన దేశంలో 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు గడిని ఖాళీగా వదిలి, పన్నెండు నెలల్లోగా రుసుము లేకుండా, ఆ తర్వాత ఆలస్య రుసుముతో పేరు చేర్చుకోనిస్తుంది. అర్థం బాగుందా లేదా అని అడిగే నాథుడు లేడు. దీన్ని కొందరు స్వేచ్ఛ అంటారు, నేను మాత్రం పట్టించుకోకపోవడం అంటాను.

మానేరు తీరం:
నుడికారం గారు చెప్పిన ఫ్రాన్స్, టర్కీ ఉదాహరణలు నా వాదనను తాకవు. అక్కడ ఒక భాష మరో భాష పేర్లను తుడిచేసింది. ఐస్లాండ్ తన భాషలో తన పేర్లకు వ్యాకరణం అడుగుతోంది. అయితే పొరుగు నుంచి వచ్చి పౌరసత్వం పుచ్చుకున్నవారు కూడా ఐస్లాండిక్ పేరు పెట్టుకోవాలన్న పాత షరతును 1990లలో వాళ్లే వదులుకున్నారు, అది సబబే. పుట్టుకతో వేరే భాషవారికి షష్ఠీ విభక్తి ఎందుకు? జాన్‌ను "జాన్‌కి, జాన్‌తో, జాన్ వల్ల" అని ఏ మార్పూ లేకుండా కలిపేసుకునే మన తెలుగుకు ఆ బాధ తెలియదు.

తూర్పుగాలి:
పంతులు గారు, న్యూజిలాండ్ సంగతిలో ఒక ముఖ్యమైన ముక్క వదిలేశారు. ఆ పేరు కోర్టు ముందుకు వచ్చింది పేరు మీద ఫిర్యాదుతో కాదు. బిడ్డ ఎవరి దగ్గర ఉండాలన్న తల్లిదండ్రుల తగాదాలో న్యాయమూర్తి కంటపడింది. పేర్లను తిరస్కరించే అధికారమున్న రిజిస్ట్రారే తొమ్మిదేళ్ల కిందట దాన్ని నమోదు చేశాడు. అంటే పుట్టిననాటి తనిఖీ బ్లైర్‌ను ఆపింది, ఈ పిల్లను ఆపలేదు. ఆమె పేరు మారింది తొమ్మిదేళ్ల వయసులో, అది తనను ఎలా బాధిస్తోందో తన లాయరుకు చెప్పుకోగలిగాక. అందుకే ఆసుపత్రి కాగితం దగ్గర గుమాస్తాను కూర్చోబెట్టడం కన్నా, ఊహ తెలిసిన బిడ్డ స్వయంగా వచ్చి "ఈ పేరు నాకొద్దు" అంటే, తల్లిదండ్రుల సంతకం కోసం పట్టుబట్టకుండా, పెద్ద ఖర్చు లేకుండా వినే ఏర్పాటు ముందు ఉండాలంటున్నాను. పెంటయ్య వద్దంటే మార్చండి. నాకిదే బాగుందంటే వదిలేయండి.