కంతులు తగ్గాక నిద్ర పట్టింది. మీ ఇంటి అనుభవం కూడా చెప్పండి

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

అందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట జ్వరమని ఆసుపత్రికి వెళ్తే రక్తపోటు 160/100 ఉందని తేలింది. డాక్టరుగారు ఉప్పు గురించీ నడక గురించీ అడిగిన తరువాత, రాత్రి ఎన్ని గంటలకు పడుకుంటారని అడిగారు. పడుకోవడం పదింటికే పడుకుంటానని, నిద్ర మాత్రం ఒంటిగంట దాటితే గాని రాదని చెప్పాను. ఎందుకు రాదో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్పట్లో నాకు నెలలో 3వ తేదీన ఇంటి రుణం, 5న కారు, 10న చీటీ, 12న ఫ్రిజ్జు, టీవీల కంతు, 18న క్రెడిట్ కార్డు ఉండేవి. ఒకటో తేదీన జీతం పడినప్పటి నుంచి పద్దెనిమిదో తేదీ దాకా ఫోన్ మోగినప్పుడల్లా గుండె ఝల్లుమనేది. వంటింటి గోడకున్న క్యాలెండరులో ఆ అయిదు తేదీలకూ ఎర్ర సిరాతో సున్నాలు చుడితే, మా ఆవిడ చూసి, "నెలకు అయిదు అమావాస్యలా?" అంది.

ముందు కార్డు సంగతి చూశాను. నెలకు మూడున్నర శాతమంటే ఏడాదికి 42 శాతం. ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చాడంటే వాడి పని అయిపోయిందని మనమే చెప్పుకుంటాం. నా జేబులో ఉన్నది మూడున్నర రూపాయల వడ్డీ అని మాత్రం నలభై నాలుగేళ్లు వచ్చేదాకా నాకు తట్టలేదు. చీటీ పాడి కార్డు బాకీ తీర్చేశాను. ఏడాదికి మూడుసార్లు మంత్రాలయానికో యాగంటికో వెళ్లడానికి తప్ప బయటికి తీయని కారును అమ్మేశాను. టీవీ కంతు దానంతట అదే తీరిపోయింది. ఇప్పుడు క్యాలెండరులో రెండే సున్నాలున్నాయి, పదకొండు లోపు నిద్ర పడుతోంది. అయితే అదే కాలంలో రక్తపోటు మాత్ర మొదలుపెట్టాను, పొద్దున్నే స్టేడియంలో నడుస్తున్నాను కూడా, కనుక ఫలానా దానివల్లే తగ్గిందని చెప్పలేను. అప్పులు గాని, ఇంట్లో సామాన్లు గాని తగ్గించుకున్నాక ఒంట్లో తేడా చూసిన వారు రాయండి. బెడిసికొట్టిన వారు తప్పకుండా రాయండి.

చెనిక్కాయ చేను (అనంతపురం):

మా నాన్నది ధర్మవరం దగ్గర వర్షాధారపు చేను. చెనిక్కాయ విత్తిన రోజు నుంచి పీకి అమ్మే దాకా ఇంట్లో ఆయన ముందు గొంతెత్తేవాళ్లం కాదు. నోటిలెక్కతో వడ్డీ కట్టగలిగిన మనిషి, ఆగస్టు నెలలో వాన మొహం చాటేస్తే, అంగడిలో చిల్లర తప్పుగా తీసుకుని వచ్చేవాడు, గాటిలో ఎద్దును కట్టేశాడో లేదో రాత్రి రెండుసార్లు లేచి చూసేవాడు. కాయ అమ్మి డబ్బు చేతికొచ్చిన వారానికల్లా మళ్లీ మామూలు మనిషి. ఆయన స్వభావమే అంతని చాలాకాలం అనుకున్నాను.

కాలేజీలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టాక 2013లో 'సైన్స్' పత్రికలో వచ్చిన ఒక పరిశోధన చదివాను. తమిళనాడులోని చెరకు రైతులకు కోతకు ముందు ఒకసారి, పంట డబ్బు అందాక మరోసారి ఆలోచనకు సంబంధించిన పరీక్షలు పెట్టారు. మనుషులు వారే, పరీక్షలూ అవే. చేతిలో డబ్బులేని రోజుల్లో ఎక్కువ తప్పులు చేశారు. డబ్బు బెంగ బుర్రలో చోటు ఆక్రమించుకుంటే మిగతా పనులకు మిగిలేది తక్కువన్నది వారు తేల్చిన మాట. అది చదివిన రోజు నాన్న మీద పెంచుకున్న కోపం సగం దిగిపోయింది.

హంద్రీ ఒడ్డు గారితో ఒక్క విషయంలో ఏకీభవించను. మా నాన్నకు అయిదు తేదీలు లేవు, ఒక్క అప్పే, ఒక్క గడువే. అయినా నిద్ర లేదు. మనిషిని తినేది తేదీల సంఖ్య కాదని, ఆ తేదీకి డబ్బు వస్తుందో రాదో తెలియకపోవడమని నాకు అనిపిస్తుంది. అందుకే నేను ఇంటి రుణం ముందుగా తీర్చే ఆలోచన పక్కన పెట్టి, మూడు నెలల ఖర్చుకు సరిపడా డబ్బు పోస్టాఫీసు పొదుపు ఖాతాలో ఉంచాను. దానికి వచ్చే నాలుగు శాతం వడ్డీ చూసి మా సహోద్యోగులు నవ్వుతారు, నవ్వనివ్వండి.

బుగ్గవంక (కడప):

మా ఇంట్లో అప్పు లేదు, సామాను ఉంది. మా చిన్నవాడికి ఆయాసం. చలికాలం వస్తే ఇన్‌హేలరు దిండు కిందే ఉండాలి. వాడు పడుకునే గది అటక మీద పాత దూది పరుపులు, రెండు సూట్‌కేసుల నిండా పెట్టుబట్టలు, మా పెళ్లి నాటి అట్టపెట్టెలు ఉండేవి. దుమ్ములో పెరిగే కంటికి కనిపించని పురుగుల వల్ల ఆయాసం ఎక్కువవుతుందని, ముందు ఆ గది ఖాళీ చేయమని, దుప్పట్లు బాగా వేడినీళ్లలో ఉతకమని డాక్టరమ్మ చెప్పడంతో దసరా సెలవుల్లో కొంగు బిగించాను.

సూట్‌కేసులు విప్పితే రవిక ముక్కలు అరవై నాలుగు తేలాయి. ఒక్కటీ కుట్టించుకునేది కాదు. వాటిలో ఆకుపచ్చ అంచున్న ఒకదాన్ని నేనే మూడేళ్ల కిందట మా తోడికోడలి గృహప్రవేశానికి పెట్టాను. మూలన నేను పెన్సిలుతో వేసుకున్న గుర్తు అలాగే ఉంది. ఎన్ని ఇళ్లు తిరిగి వచ్చిందో ఆ ముక్కకే తెలియాలి. కొన్నవారెవరూ కట్టరు, పుచ్చుకున్నవారెవరూ కుట్టించరు, అయినా ప్రతి శుభకార్యానికీ మళ్లీ కొంటాం. అప్పటి నుంచి పెట్టుబట్టల బదులు కవరులో డబ్బు పెడుతున్నాను. వెనక ఎవరేమనుకున్నారో నా దాకా రాలేదు.

గది ఖాళీ అయ్యాక వాడికి రాత్రిపూట దగ్గు బాగా తగ్గింది. ఇన్‌హేలరు మాత్రం డాక్టరమ్మ చెప్పినట్టే వాడుతున్నాం, మానలేదు. కానీ అదే ఊపులో నేనొక తప్పు చేశాను. అటక మీదున్న మా అత్తగారి ఇత్తడి బిందెలు రెండూ నల్లబడిపోయాయని, వాడుకలో లేవని, పాత సామాన్లవాడికి తూకానికి వేసేశాను. ఆవిడ ఏమీ అనలేదు. రెండు రోజులు అన్నం ముందు కూర్చుని కెలికి లేచిపోయారు. మూడో రోజు, "అవి మా అమ్మ సారెలో పెట్టినవే" అని మాత్రం అన్నారు. పిల్లవాడి ఊపిరి బాగుపడిన వారంలోనే ఇంకొక మనిషికి ఆకలి చచ్చిపోయేలా చేశానని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

పాతబస్తీ వాసి (కర్నూలు):

పైన రాసినవన్నీ చదివాను. ఇంట్లో వస్తువులు తగ్గించుకుంటే మనసు తేలికపడుతుందని వినడం బాగానే ఉంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీదికి వచ్చినప్పుడు మా ఇంట్లో వస్తువులు ఒక్క రాత్రిలో తగ్గిపోయాయి. నీళ్లు తీశాక తలుపు తోస్తే మోకాలి లోతు బురదలో బీరువా బోర్లా పడి ఉంది. మా అమ్మ అందులోంచి ముందు తీసింది పట్టుచీర కాదు, మా అక్క పదో తరగతి సర్టిఫికెట్టు. అదీ చేతిలోనే పిండిలా విడిపోయింది.

ఆ తరువాత నుంచి మా అమ్మ రెండు బస్తాల బియ్యం, డజను అగ్గిపెట్టెలు, కొవ్వొత్తులు, పాత దుప్పట్లు మేడ మీద గదిలో పెట్టుకుంటుంది. నేను ఒకసారి ఆ గది సర్దబోతే ఆమెకు చెమటలు పట్టి, రొమ్ములో దడ వచ్చింది. ఆమె ప్రశాంతత ఆ బస్తాల్లో ఉంది. వద్దనుకుని వదిలేయడానికీ, ఉన్నది పోవడానికీ చాలా తేడా ఉంది, మినిమలిజం అని ఇంగ్లీషు పేరు పెట్టి మాట్లాడేవారు ఆ రెండోదాన్ని చూసి ఉండరు. నేను మాత్రం ఇంటి పత్రాలన్నీ ప్లాస్టిక్ కవరులో పెట్టి, నకళ్లు ఫోనులోనూ దాచుకున్నాను. నాకు నిద్రపట్టేది దానివల్ల.

మాత్రల చీటీ (గుంతకల్లు):

పదిహేడేళ్లుగా మందుల దుకాణంలో ఉన్నాను. పొదుపు వల్ల ఆరోగ్యం చెడడం నేను రోజూ చూస్తాను గనుక ఆ వైపు కూడా చెప్పాలి. ఇంట్లో డబ్బుకు ఇబ్బంది వస్తే చాలామంది ముందు తగ్గించేది టీవీ ఛానెళ్లు కాదు, మాత్రలు. ముప్పై మాత్రలు రాసిన చీటీ తెచ్చి పదిహేను ఇమ్మంటారు. "ఒక పొద్దు తప్పి ఒక పొద్దు వేసుకుంటాలే" అంటారు. షుగరు, రక్తపోటు నొప్పి పెట్టవు కనుక అది పొదుపులా కనిపిస్తుంది. పక్షవాతమో మూత్రపిండాల జబ్బో వచ్చాక చేసే ఖర్చు ముందు ఆ మిగిలిన డబ్బు ఏ మూలకూ రాదు.

2007 ఏప్రిల్ 1న ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో మన అనంతపురం ఒకటి. పెద్ద ఆపరేషన్లకు అది ఎందరినో అప్పుల నుంచి కాపాడింది. కానీ రోజూ వేసుకునే మాత్రలకు చేయి జేబులోకే పోతుంది. తగ్గించుకోవాలంటే మాత్రల సంఖ్య తగ్గించకండి, ధర తగ్గించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో రక్తపోటు, షుగరు మాత్రలు ఉచితంగా ఇస్తారు. జన ఔషధి దుకాణంలో అదే మందు కంపెనీ పేరు లేకుండా చాలా తక్కువకు దొరుకుతుంది. డాక్టరు రాసిన మందు పేరూ మోతాదూ సరిపోయాయో లేదో చూసుకుంటే చాలు. ఇది చెబితే తన వ్యాపారానికే నష్టమని మా యజమాని అంటాడు. బ్యాంకు ఖాతా ఉన్నవారు ఏడాదికి 20 రూపాయలకు వచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమాను కూడా వదులుకోవద్దు. ప్రమాదంలో పోతే ఇంటివారికి 2 లక్షలు అందుతాయి. మేము దుకాణంలో పనిచేసే నలుగురమూ కట్టాం.

కార్డు బాధితుడు (ఆదోని):

హంద్రీ ఒడ్డు గారూ, చీటీ పాడితే నష్టం కదా? నష్టానికి పాడి అప్పు తీర్చడం లెక్కకు ఎలా సరిపోయింది?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మంచి ప్రశ్న. మాది 2 లక్షల చీటీ, ఇరవై నెలలు, నెలకు 10,000. ఆరో నెలలో 38,000కు పాడాను, చేతికి 1,62,000 వచ్చింది. కార్డు మీద 1,40,000 బాకీ ఉంది. దాన్ని అలాగే ఉంచితే ఏడాదికి వడ్డీయే 58,800. పాటలో పోగొట్టుకున్న 38,000లో నిర్వాహకుడి కమీషను పోగా మిగిలింది సభ్యులందరికీ పంచుతారు కనుక నా వాటా కొంత నాకే తిరిగి వచ్చింది. మాది రిజిస్టరు అయిన చీటీ; 2019లో చట్టం సవరించి ఆ కమీషను పరిమితిని 5 శాతం నుంచి 7 శాతానికి పెంచారు. వీధిలో నోటి మాట మీద నడిచే చీటీ అయితే నేను ఈ సలహా ఇవ్వను. ఇంకొక షరతు: బాకీ తీర్చిన రోజే కార్డు కత్తిరించి పారేశాను. అది ఉంచుకుని ఉంటే ఇప్పుడు చీటీ కంతూ, కార్డు కంతూ రెండూ ఉండేవి.

పేరు వద్దు (ప్రొద్దుటూరు):

ఇక్కడ రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఫోనులో ఒక యాప్ ద్వారా 8,000 అప్పు తీసుకుంటే చేతికి 5,200 వచ్చింది, వారం తిరగకముందే మొత్తం కట్టమన్నారు. ఒకదాన్ని తీర్చడానికి ఇంకొకటి, అలా ఆరు యాప్‌లు. నా ఫోనులోని నంబర్లన్నిటికీ నా ఫొటో మార్చి పంపారు. నెలలో ఏడు కిలోలు తగ్గాను, అన్నం చూస్తే వాంతి వచ్చేది. చావాలని అనిపించిన రాత్రి 14416కు ఫోన్ చేశాను. అది మనసు బాగాలేనివారి కోసం ప్రభుత్వం నడిపే టెలి మానస్ నంబరు, తెలుగులోనే మాట్లాడారు, డబ్బులు అక్కర్లేదు. మర్నాడు మా అన్నకు చెప్పాను. తిడతాడనుకున్నాను, చొక్కా వేసుకుని నాతో పోలీసు స్టేషనుకు వచ్చాడు. సైబరు మోసాల ఫిర్యాదు నంబరు 1930కి కూడా ఫోన్ చేసి చెప్పాం. ఫోనులోని నంబర్లు, ఫొటోల జోలికి రుణ యాప్‌లు పోకూడదని రిజర్వు బ్యాంకు 2022లోనే చెప్పిందని అప్పుడు తెలిసింది. ఫోను పారేసి మీటల ఫోను కొనుక్కున్నాను. ఇప్పుడు అన్నం తింటున్నాను.

బుగ్గవంక (కడప):

తమ్ముడూ, రాసి మంచి పని చేశావు. ఎప్పుడు మనసు బాగాలేకపోయినా మీ అన్నకే చెప్పు, దాచుకోవద్దు.

బిందెల సంగతి చెబుతాను. ఆ సామాన్లవాడి దుకాణానికి వెళ్తే ఒకటి అప్పటికే కరిగించేందుకు పంపేశాడు, రెండోది దొరికింది. వాడిచ్చిన ధరకు రెట్టింపు పెట్టి కొన్నాను. చింతపండుతో తోమి పెరట్లో తులసికోట పక్కన పెడితే, మా అత్తగారు అందులో నీళ్లు నింపి చెట్లకు పోస్తున్నారు. రవిక ముక్కల్ని మాత్రం ఆవిడే దగ్గరుండి దిండు గలీబులుగా కుట్టించారు.

మాత్రల చీటీ (గుంతకల్లు):

హంద్రీ ఒడ్డు గారూ, ఒక మాట అడగడం మరిచిపోయాను. ఇప్పుడు రక్తపోటు ఎంత ఉంది, మాత్ర రోజూ వేసుకుంటున్నారా?

హంద్రీ ఒడ్డు (కర్నూలు):

మీరు మాత్రల గురించి రాసింది చదివినప్పుడే నాకు సిగ్గేసింది, అందుకే అటువైపు పోకుండా చీటీ లెక్కకు మాత్రం జవాబిచ్చాను. పోయిన నెల 128/82 వచ్చింది, అప్పులు తగ్గాయి కదా అని నాకు నేనే మాత్రను సగానికి విరిచి వేసుకోవడం మొదలుపెట్టాను. డాక్టరుగారిని అడగలేదు. ఇందాక పక్కింటి మాస్టారి దగ్గరున్న మిషనుతో చూసుకుంటే 146/94 ఉంది. రేపు పొద్దున నడక అయ్యాక నేరుగా ఆసుపత్రికే వెళ్తున్నాను.