యుద్ధం నడుస్తున్న సముద్రంలోంచి సరుకు ఓడలు పోవాలా, చుట్టు తిరగాలా?

చిత్తూరు_ఎక్స్‌పోర్ట్:
మాది తోతాపురి మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. ఎగుమతి కాగితాల పని నాది. మా డ్రమ్ములు చెన్నై రేవు నుంచి సౌదీలోని జెడ్డాకు, యెమెన్‌లోని హొదైదాకు, ఐరోపాలోని రాటర్‌డామ్‌కు పోతుంటాయి. మూడింటికీ దగ్గర దారి, ఎర్ర సముద్రంలోకి పోయే బాబ్ ఎల్ మందెబ్ జలసంధి. 2023 నవంబరు 19న యెమెన్‌లోని సాయుధ వర్గం హౌతీలు, గాజా మీద ఇజ్రాయెల్ యుద్ధానికి ప్రతీకారమంటూ, హెలికాప్టర్‌లో గెలాక్సీ లీడర్ ఓడ మీద దిగి, పాతికమంది సిబ్బందితో సహా పట్టుకుపోయినప్పటి నుంచి ఆ దారిని నమ్మలేకపోతున్నాం. పెద్ద ఓడ కంపెనీలు (లైనర్లు) ఆ డిసెంబరులోనే ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న గుడ్‌హోప్ అగ్రం చుట్టూ తిరగడం మొదలుపెట్టాయి. ఐరోపాకు పది రోజుల నుంచి రెండు వారాలు అదనం. ఫ్రైట్ (ఓడ కిరాయి) పెరిగింది, దాని మీద సర్‌ఛార్జీలు. కొన్ని చిన్న కంపెనీలు మాత్రం ఎర్ర సముద్రం గుండానే పోతామని, రేటు తక్కువని ఫోన్లు చేస్తూనే ఉన్నాయి. దాడులు కొన్నాళ్లు ఆగుతాయి, మళ్లీ మొదలవుతాయి. ఆ ఫోన్లు మాత్రం ఆగవు.

మా ఆఫీసులో చాలామంది మాట ఇదీ: ఓడవాడే పోతానంటున్నాడు, ఇన్సూరెన్స్ ఉంది, మనకెందుకు? నాకు మనసొప్పడం లేదు. ఇక్కడ రైతులున్నారు, ఓడల్లో పనిచేసేవాళ్లున్నారు. మీరేమంటారు?

బంగారుపాళ్యం_రైతు:
పోవాలి. నేను సూటిగా చెబుతా. 2025 సీజన్‌లో మా తోతాపురికి ఏం జరిగిందో జిల్లా అంతా చూసింది. ఫ్యాక్టరీలు కిలోకి 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు, మొత్తం 12 అన్నారు. ఆ ఎనిమిదీ చేతికి రాని రైతులు ఎంతమందో. అడిగితే ఏమన్నారు? నిరుటి గుజ్జే గోడౌన్లలో ఉంది, యుద్ధాల వల్ల ఆర్డర్లు లేవు, ఓడలు లేవు. ఎక్కడో యెమెన్‌లో పేలిన క్షిపణికి నా తోటలో కాయ నేలపాలవుతుంటే, ఓడ ఆపేయండని నేనెట్లా అంటాను? ప్రతి పనిలోనూ ప్రమాదం ఉంది. రాత్రిళ్లు ఏనుగులు తిరిగే చోట మేం కాపలా పడుకోవడం లేదా?

తిరుచానూరు_సెకండ్ ఆఫీసర్:
రైతన్నా, మీ బాధ కాదనను. కానీ ఓడ పోవాలి అన్నప్పుడు లోపల ఉండేది ఇరవై మంది మనుషులు. వాళ్లలో ఒకడిగా రాస్తున్నా, కాస్త పొడవవుతుంది.

ఆ జలసంధి దాటేటప్పుడు ఎలా ఉంటుందో చెబుతా. డెక్ మీద లైట్లు ఆర్పేస్తారు. ఓడ ఎక్కడుందో లోకానికి చెప్పే ఏఐఎస్‌ను కొందరు కెప్టెన్లు ఆపేస్తారు. కొందరు దాన్ని ఆన్‌లోనే ఉంచి, గమ్యం రాయాల్సిన చోట "ఇజ్రాయెల్‌తో సంబంధం లేదు" అనో "సిబ్బంది అంతా చైనావాళ్లు" అనో రాస్తారు. డ్యూటీ లేనివాళ్లు ఇంజిన్ రూమ్ పక్కన, దాడైతే తలదాచుకునే సిటడెల్ అనే గదిలో చేరతారు. బ్రిడ్జి మీద నిలబడ్డవాడికి ఆ గది కూడా లేదు. వచ్చేది డ్రోనైతే కనబడుతుంది. బాలిస్టిక్ క్షిపణి అయితే కనబడేలోపే తగులుతుంది.

2024 జనవరి 26న మార్లిన్ లువాండా ట్యాంకర్‌కు క్షిపణి తగిలింది. లోపల ఇట్టే అంటుకునే నాఫ్తా, సిబ్బందిలో 22 మంది భారతీయులు. మన ఐఎన్‌ఎస్ విశాఖపట్నం వెళ్లి, నేవీ వాళ్లు ఆ ఓడ ఎక్కి, సిబ్బందితో కలిసి మంటలార్పారు. ఒక్క ప్రాణం పోలేదు. ఆ కెప్టెన్‌కూ సిబ్బందికీ అంతర్జాతీయ సముద్ర సంస్థ సాహస పురస్కారం ఇచ్చింది. మా వాళ్లందరికీ గర్వంగా ఉంది. కానీ అదే ఏడాది మార్చి 6న ట్రూ కాన్ఫిడెన్స్ అంత అదృష్టం చేసుకోలేదు. ఉక్కు, లారీలు వేసుకుని జెడ్డా వైపు పోతున్న ఓడ అది. ముగ్గురు చనిపోయారు. మిగతావాళ్లను ఐఎన్‌ఎస్ కోల్‌కతా కాపాడింది. 2025 జులైలో మ్యాజిక్ సీస్, ఎటర్నిటీ సి రెండూ ఒకే వారంలో మునిగాయి. గెలాక్సీ లీడర్ సిబ్బంది ఇళ్లకు చేరింది 2025 జనవరిలో, పద్నాలుగు నెలల చెర తర్వాత. ఆ పాతికమందికీ గాజాతో గానీ ఇజ్రాయెల్‌తో గానీ ఏ పనీ లేదు. ఫిలిప్పీన్స్, బల్గేరియా, యుక్రెయిన్ లాంటి దేశాల నుంచి జీతానికి వచ్చినవాళ్లు.

ఎక్స్‌పోర్ట్ అన్నా, మీ ఆఫీసు వాళ్లన్న ఇన్సూరెన్స్ గురించి. యుద్ధ ప్రాంతం గుండా పోయే ఓడకు కట్టే వార్ రిస్క్ ప్రీమియం అప్పట్లో ఓడ విలువలో ఒక శాతం దాకా పోయింది. అంటే 5 కోట్ల డాలర్ల ఓడకు ఒక్కసారి దాటడానికి 5 లక్షల డాలర్లు. ఆ డబ్బు కాపాడేది ఇనుమును. పెద్ద కంపెనీలు లెక్క చూసుకుని తప్పుకున్నాయి. ఆ తర్వాత ఆ దారిలో మిగిలినవాటిలో పాత ఓడలు, పేరుకు ఏదో చిన్న దేశపు జెండా కట్టుకున్నవి చాలా ఉన్నాయి. మునిగిన రూబీమార్‌ది బెలీజ్ జెండా, ట్రూ కాన్ఫిడెన్స్‌ది బార్బడోస్. తక్కువ రేటుకు తీసుకుపోతామని మీకు ఫోన్ చేసేవాళ్ల ఓడ ఎలాంటిదో ఒకసారి అడిగి చూడండి.

తిరుపతి_హిస్టరీ మాస్టారు:
బాబూ, నువ్వు చెప్పినవన్నీ నిజం. అయినా ఓడలు పోకూడదనే మాటకు నేను ఒప్పుకోలేను. ఓడలు ఆగిపోతే ఏమవుతుందో మన దేశమే చూసింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది, బర్మా బియ్యం ఆగిపోయింది. ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం బంగాళాఖాతంలోకి వచ్చి ఇరవైకి పైగా వర్తక ఓడల్ని ముంచింది, 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేసింది. మరుసటి ఏడాది బెంగాల్ కరువు. ధాన్యం పంపమని ఇక్కడి నుంచి వైస్రాయ్‌లు అడుగుతుంటే, ఓడలు లేవని లండన్ అడిగినంత ఇవ్వలేదు. 20 నుంచి 30 లక్షల మంది పోయారు. కారణం అదొక్కటే కాదు, కానీ ఓడలు వచ్చి ఉంటే ఎన్ని ప్రాణాలు నిలిచేవో ఆలోచించు.

అదే 1942 ఆగస్టులో, జర్మనీ, ఇటలీలు చుట్టుముట్టిన బ్రిటిష్ వాళ్ల మాల్టా ద్వీపం ఆకలితో లొంగిపోయే స్థితికి వచ్చింది. 14 వర్తక ఓడలు బయల్దేరాయి, తొమ్మిది మునిగాయి, ఐదే చేరాయి. ఇంధనం తెచ్చిన ఒహాయో ట్యాంకర్ నడవలేని స్థితిలో ఉంటే రెండు పక్కలా యుద్ధనౌకలు కట్టి రేవుకు చేర్చారు. ఆ ఐదే ఆ ద్వీపాన్ని నిలబెట్టాయి. వాళ్లంతా ప్రమాదమని ఆగిపోయి ఉంటే?

ఇప్పటి సంగతికొస్తే, 2022 వేసవిలో పొద్దుతిరుగుడు నూనె ప్యాకెట్ ధర మన ఇళ్లలో అందరికీ గుర్తుండే ఉంటుంది. యుద్ధానికి ముందు మనం తెచ్చుకునే ఆ నూనెలో ఎక్కువ భాగం యుక్రెయిన్‌దే. రష్యా దాడితో అక్కడి ఓడలు ఆగిపోయాయి. జులై 22న ఇస్తాంబుల్‌లో ఆ ఓడల్ని పోనిచ్చే ఒప్పందం కుదిరింది, ఆగస్టు 1న రజోనీ ఓడ ఒడెసా నుంచి 26 వేల టన్నుల మొక్కజొన్నతో కదిలింది. ఏడాదిలో దాదాపు 3 కోట్ల 30 లక్షల టన్నులు ఆ దారిన వచ్చాయి. మందుపాతరలున్న సముద్రంలోకి ఎవరో ఒకరు మొదటి ఓడ నడపబట్టే కదా.

కాణిపాకం_కుర్రాడు:
మాస్టారూ, ఒక సందేహం. దిగ్బంధమే తప్పని ఎలా అంటాం? 1971లో మన విక్రాంత్ యుద్ధనౌక తూర్పు పాకిస్తాన్ రేవుల్ని మూసేసింది కదా. మనం చేస్తే యుద్ధనీతి, హౌతీలు చేస్తే దౌర్జన్యమా?

తిరుపతి_హిస్టరీ మాస్టారు:
మంచి ప్రశ్న. దిగ్బంధం యుద్ధంలో చట్టం ఒప్పుకున్న పద్ధతే, కానీ దానికి హద్దులున్నాయి. బహిరంగంగా ప్రకటించాలి. 1856 పారిస్ ప్రకటన ప్రకారం కాగితం మీద కాకుండా నిజంగా అమలు చేయగలగాలి. ఏ దేశపు ఓడకైనా ఒకటే రూలు ఉండాలి. పౌరుల్ని ఆకలితో చంపడమే లక్ష్యమైతే అది నిషిద్ధమని 1994 నాటి శాన్ రెమో మాన్యువల్ రాసింది. ఇక వర్తక ఓడను ముంచేముందు సిబ్బందిని సురక్షితంగా దించాలని 1936 ఒప్పందం ఉంది. 1914లో మన బంగాళాఖాతంలోనే జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ వర్తక ఓడల్ని వరసగా పట్టుకుంది, కానీ సిబ్బందిని ముందు దించి, వేరే ఓడ ఎక్కించి పంపేసింది. పోతున్న ఓడ మీదకు దూరం నుంచి క్షిపణి విసరడం ఈ లెక్కలోకి రాదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. అదే యెమెన్‌ను 2015 నుంచి సౌదీ కూటమి దిగ్బంధించింది. 2017 నవంబరులో కొన్నాళ్లు అన్ని రేవులూ మూసేసింది. తిండిలో ఎక్కువ భాగం దిగుమతి చేసుకునే దేశం అది. పిల్లలు ఎముకల గూళ్లయి కనబడిన ఫొటోలు అప్పటివే. హొదైదాకు పోయే ఓడల్ని ఐక్యరాజ్యసమితి జిబూటీలో తనిఖీ చేసి పంపే ఏర్పాటు 2016లో మొదలైంది కాబట్టి కొంత గోధుమ చేరింది. ఆ ఓడలు నడిపినవాళ్లకు నేను దండం పెడతాను.

తిరుచానూరు_సెకండ్ ఆఫీసర్:
నేనూ పెడతాను సార్. అయితే ఆ దండాలతో పాటు ఇంకొకటి కూడా చెప్పాలి. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ సరుకు ఓడల్లో పనిచేసింది బ్రిటిష్ వాళ్లే కాదు. లాస్కర్లని పిలిచిన మనవాళ్లు యాభై వేల దాకా ఉన్నారు. అదే ఓడ, అదే టార్పెడో, జీతం మాత్రం తెల్లవాడి జీతంలో చిన్న భాగం. 1939లో యుద్ధం మొదలవగానే వాళ్లు సమ్మె చేశారు, వాళ్లలో కొందరిని జైల్లో పెట్టారు. ఆరు వేలకు పైగా మనవాళ్లు సముద్రంలో పోయారు. మాల్టా గురించి రాసినవాళ్లు వాళ్ల గురించి ఎంత రాశారు?

అన్నం గింజ పట్టుకుని ఆకలి ఊరికి పోయే ఓడ వేరు. నన్ను అడిగి, సరైన జీతమిచ్చి, నేవీ తోడిచ్చి పంపితే యెమెన్‌కు గోధుమ నేనే తీసుకుపోతా. చైనా లారీలు రెండు వారాలు ముందు జెడ్డా చేరడం కోసం ముగ్గురు ఎందుకు పోవాలి?

బంగారుపాళ్యం_రైతు:
తమ్ముడూ, గుజ్జు కూడా తిండే కదా.

శ్రీసిటీ_లాజిస్టిక్స్:
రైతన్నకు నేను చెబుతా, నా పని ఇదే. అసెప్టిక్ (క్రిములు లేకుండా నింపిన) గుజ్జు డ్రమ్ము 215 కిలోలు, ఇరవై అడుగుల కంటెయినర్‌కు 80 డ్రమ్ములు, పదిహేడు టన్నుల చిల్లర. ఏడాదికి పైగా పాడవదు. సముద్రం మీద రెండు వారాలు ఎక్కువైతే గుజ్జుకు ఏమీ కాదు. పెరిగేది ఫ్రైట్, బ్యాంకు వడ్డీ. ఆలస్యమయ్యేది డబ్బు. 2025లో మీ కాయ ధర పడింది ఓడలు చుట్టు తిరిగినందుకే అనడం కూడా పూర్తిగా సరికాదు. ఆర్డర్లు ఎంత వస్తాయో చూసుకోకుండా ముందు ఏడాది ఎక్కువ గుజ్జు పట్టి పెట్టుకున్న ఫ్యాక్టరీలు ఉన్నాయి. ఆ నష్టాన్ని రైతు నెత్తిన వేయడానికి యుద్ధం మంచి సాకు.

జెడ్డాకు గుడ్‌హోప్ చుట్టూ తిరగడం అర్థం లేని పని. దానికి ఇంకో దారి ఉంది. గల్ఫ్ వైపున్న సౌదీ దమ్మాం రేవులోనో, దుబాయ్ జెబెల్ అలీ రేవులోనో దించి, లారీల్లో ఎడారి మీదుగా జెడ్డా చేర్చడం. 2024లో పెద్ద లైనర్లే ఆ సర్వీసు పెట్టాయి. ఖర్చు ఎక్కువే, కానీ కుదురుతుంది. అటు ఇరాన్ పక్కనున్న హోర్ముజ్ జలసంధి దాటాలన్న టెన్షన్ ఉంటుంది, అది వేరే. 2024 ఏప్రిల్‌లో ఇరాన్ పట్టుకున్న ఎంఎస్‌సీ ఏరీస్‌లో 17 మంది మనవాళ్లే.

చిత్తూరు_ఎక్స్‌పోర్ట్:
మేం చాలావరకు ఎఫ్‌ఓబీ మీద అమ్ముతాం. ఓడను ఎంచేది కొనేవాడు, చెన్నైలో సరుకు ఎక్కించడంతో మా బాధ్యత తీరుతుంది. మా మేనేజరు దీన్నే చూపిస్తాడు.

తిరుచానూరు_సెకండ్ ఆఫీసర్:
కాగితం మీద బాధ్యత తీరుతుంది. కానీ ఫలానా దారిలో పోయే ఓడకు మా సరుకు ఎక్కించమని కాంట్రాక్టులో ఒక లైను రాయించుకోవడానికి ఎఫ్‌ఓబీ అడ్డం కాదు. కొనేవాడు ఒప్పుకోకపోతే అప్పుడు చూడొచ్చు. అడగనే లేదు కదా ఇంతవరకు.

పాకాల_అక్క:
ఇంతసేపూ చదివి రాస్తున్నా. మా తమ్ముడు ఓడలో చేరడానికి చెన్నైలో ఒక ఏజెంటుకు లక్షలు కట్టాం, అమ్మ నగలు తాకట్టులోనే ఉన్నాయి. వాడు ఇప్పుడు రెండో కాంట్రాక్టుకు పోతున్నాడు. ఎర్ర సముద్రం పోయే ఓడ అని చివర్లో చెప్పారట. ఎక్కకపోవడానికి నావికులకు హక్కుందని ఎక్కడో చదివాను. వాడినడిగితే, ఎక్కనంటే మళ్లీ పిలవరక్కా అంటాడు. మాస్టారూ, మాల్టాకు వెళ్లినవాళ్ల ధైర్యం గొప్పదే. మా వాడిది ధైర్యం కాదు, అప్పు. ఆ అప్పు ఉన్నంతకాలం వాడు సరే అన్నదాన్ని ఒప్పుకోవడం అని ఎలా అంటారు?

తిరుపతి_హిస్టరీ మాస్టారు:
అమ్మా, నీ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. ఓడలు పోవాలన్న నా మాట మీదే ఉన్నాను, కానీ తిండి, మందులు, ఎరువులు, నూనె వరకే. అదీ అడిగి, ఒప్పుకున్నవాళ్లతో, కాపలాతో. మిగతా సరుకు ఆగనీ.

బంగారుపాళ్యం_రైతు:
గుజ్జు ఆలస్యమైనా పాడవదంటే నేనింకేం వాదించను. చుట్టే తిరగనీయండి. కానీ ఆ అదనపు ఫ్రైట్‌ను వచ్చే సీజన్‌లో మా కిలో ధరలోంచి కోస్తే మాత్రం ఊరుకోం. అది కొనేవాడు, ఫ్యాక్టరీ పంచుకోవాలి.

చిత్తూరు_ఎక్స్‌పోర్ట్:
న్యాయమే అన్నా. రాటర్‌డామ్ సరుకుకు గుడ్‌హోప్ దారి అని కాంట్రాక్టులో రాయించాలని, జెడ్డాకు దమ్మాం రేటు తెప్పించాలని రేపే నోట్ పెడుతున్నా. హొదైదా ఆర్డర్ మీద మాత్రం ఇంకా ఎటూ తేల్చుకోలేకపోతున్నా.

తిరుచానూరు_సెకండ్ ఆఫీసర్:
పాకాల అక్కకు. ఆ హక్కు ఉన్న మాట నిజమే, కానీ అన్ని ఓడల్లోనూ కాదు. అంతర్జాతీయ యూనియన్ల సమాఖ్య ఐటీఎఫ్‌తో ఒప్పందం ఉన్న ఓడల్లో, యుద్ధ ప్రాంతంగా ప్రకటించిన చోటికి పోనని నావికుడు చెప్పొచ్చు, కంపెనీ ఖర్చుతో ఇంటికి పంపాలి. పోతే ఆ రోజులకు బేసిక్ జీతం రెట్టింపు, ప్రాణం పోయినా అవయవం పోయినా పరిహారం రెట్టింపు. ఒప్పందం లేని ఓడలో ఇవేవీ గట్టిగా అడగలేం. అందుకే సంతకం పెట్టకముందే చూసుకోవాలి. ఏజెంటుకు ఆర్‌పీఎస్‌ఎల్ (నావికుల్ని ఉద్యోగాల్లో పెట్టడానికి ఇచ్చే) లైసెన్సు ఉందా అన్నది కేంద్రప్రభుత్వ నౌకాయాన సంస్థ డీజీ షిప్పింగ్ వెబ్‌సైట్‌లో తెలుస్తుంది. లైసెన్సున్నవాడు ఉద్యోగమిప్పించడానికి మీ దగ్గర డబ్బు తీసుకోవడమే రూల్స్‌కు విరుద్ధం, ఆ రసీదులుంటే దాచండి. ఉద్యోగ ఒప్పందంలో వార్ జోన్ గురించి ఏం రాశారో తమ్ముణ్ని ఫొటో తీసి పంపమనండి. ఓడ పేరు, దాని ఐఎంఓ గుర్తింపు నంబరు నాకు మెసేజ్ పెట్టండి. ఆ ఓడకు ఐటీఎఫ్ ఒప్పందం ఉందో లేదో ఈ రాత్రికే చూసి చెబుతాను.