పస్కా ఆచరించాలని ఉంది, కానీ నిర్గమకాండము 12:48 దగ్గర ఆగిపోయాను

అందరికీ వందనాలు. మేం యూదులం కాదు, యేసును మెస్సీయగా నమ్మిన తెలుగు కుటుంబం. ఈసారి ఇంట్లో పులియని రొట్టెలు, చేదు కూరలతో పస్కా (ఇశ్రాయేలీయులు ఐగుప్తు బానిసత్వం నుంచి విడుదలైన రాత్రిని గుర్తుచేసుకునే యూదుల పండుగ) చేద్దామని పిల్లలకు మాటిచ్చాను. పస్కాకు వధించే గొర్రెపిల్లను నెల 10వ రోజున ఎంచుకుని 14 వరకు ఉంచుకోమన్నాడు కదా దేవుడు, ఆ నాలుగు రోజుల్లో పిల్లలకు దానిమీద ఎంత మమకారం పెరిగి ఉంటుందో అనుకుంటే ఏడుపొచ్చింది.

అయితే సున్నతి లేనివాడు పస్కా తినకూడదని 12:48లో ఉంది. మరి పౌలు 1 కొరింథీ 5:7-8లో క్రీస్తే మన పస్కా, పండుగ ఆచరిద్దాం అంటాడు, అదీ ఎక్కువమంది అన్యజనులే (యూదులు కానివాళ్లే) ఉన్న సంఘంతో. అంటే నిజంగా ఆచరించమనా, మనసులోని పులిపిండిని, అంటే చెడుతనాన్ని, తీసేయమని మాత్రమేనా? మెస్సియానిక్ సంఘాల్లో (యేసును మెస్సీయగా నమ్మి యూదు ఆచారాలు పాటించే సంఘాల్లో) ఉన్నవాళ్లు దయచేసి చెప్పండి, ఆ రాత్రి యూదులు కానివాళ్లను కూడా బల్ల దగ్గర కూర్చోబెడతారా? మా సంఘంలో అడిగితే ధర్మశాస్త్రం కిందికి వెళ్తున్నావన్నారు, చాలా బాధేసింది.